కుళ్ళాయప్ప ఈసడింపు

కుళ్ళాయప్పకు ఈసడించడం తప్ప ఇంకో పలకరింపు చేతకాదు. కళ్యాణదుర్గంలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో డేటాబేసు చూసుకునే మనిషి. "నమస్తే సార్" అంటే చాలు, ఎదుటివాణ్ణి కాళ్ళ నుంచి తల దాకా చూసి, "ఈరోజు ఏం చెడగొడదామని వచ్చినావప్పా?" అంటాడు. ఫ్యాను నిదానంగా తిరిగితే దాన్నీ వదలడు. పెండ్లిచూపుల్లో రామక్కను చూసి "పర్వాలేదు" అన్నాడంట. మొగుడి నోట వచ్చిన పెద్ద పొగడ్త అదేనని ఆమె ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది.

కొత్తగా చేరిన జయంతికి మాత్రం తిట్లు పూటపూటా పడేవి.

"సార్, స్టాకు పట్టికలో ఒక వరస మారిస్తే పాతది పోతుంది కదా?" అని ఒకసారి అడిగింది.

"నీ తెలివికో దండం తల్లీ! పాతది ఆడనే ఉండాది, పక్కన కొత్తది చేరతాది. ప్రతి వరస మీదా దాన్ని రాసిన ట్రాన్సాక్షన్, అంటే తెరిచి ముగించే ఒక్కో పని, దాని నంబరుంటాది. ఆ పని ముగిసిందా లేదా అని మొదట వెతికినోడు వరస మీదే గుర్తు పెట్టి పోతాడు. తర్వాతోళ్ళకు మళ్ళీ వెతికే పనిలేదు. పేజీలో వరసలన్నీ అందరికీ కనపడేవే అయితే మొత్తం పేజీకి ఒకటే గుర్తు. అప్పుడు పని పరిగెత్తుతాది."

"మరి పాతవి?"

"ఊడ్చేస్తాం. కానీ అవి మారకముందే పని తెరిచి, వాటిని చూసే హక్కున్నోడు ఒక్కడు మిగిలినా ఊడ్చేదానికి లేదు. బంతిలో ఒకడు ఇంకా తింటాంటే ఇస్తరాకులెత్తుతారా? నువ్వు ఎత్తే రకమేలే."

జూన్‌లో వాన పడింది. పదును ఆరకముందే విత్తాలని రైతులు వేరుశనగ విత్తనకాయల కోసం ఆఫీసు ముందు బారు తీరినారు. కంప్యూటర్లు మొరాయించినాయి. ఒక్క మూట రాయాలంటే బీడీ కాల్చి వచ్చేంత సేపు. తిమ్మన్న అనే రైతు కిటికీలో తలపెట్టి, "ఏమప్పా, చేనులో పదును ఆరిపోతాంది, మీ మిషన్లోనే విత్తమంటారా?" అని అరిచినాడు.

కుళ్ళాయప్ప తెర వైపు చూసి పళ్ళు కొరికినాడు. నిన్న పాత లెక్క చూసేదానికని తెరిచిన ట్రాన్సాక్షన్ ఒకటి ఇంకా తెరిచే ఉంది. జయంతిది. ముగించకుండా ఇంటికి పోయింది. అది ముగియనందుకు పాత వరసలన్నీ ఊడ్వకుండా గుట్టలు పడినాయి. ఎవరేం వెతికినా ఆ గుట్టలు తొక్కుకుంటూ పోవాల్సిందే. తెర మీద తన పేరు జయంతికీ కనపడింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

మేనేజరు విష్ణువర్ధన్ ఊగిపోతూ వచ్చినాడు. "ఎవరిదీ పని? ఈరోజే ఇంటికి పంపుతా!"

జయంతి లేవబోయింది. కుళ్ళాయప్ప ఆమె వైపు వేలు చూపించినాడు.

"ఈయమ్మనుకుంటివా సార్? కంపెనీ మొత్తాన్ని నిలిపేయాలంటే ఎంత తెలివి కావాల! ఈమెకు మౌసు యాడ పెట్టిందో గుర్తుండదు. ఇంత చెడగొట్టాలంటే నా అంత అనుభవముండాల. నేనే చేసినా. పంపు ఇంటికి. ఈ బారు నువ్వు చూసుకో."

విష్ణువర్ధన్ బారు వైపు చూసినాడు. గిర్రున తిరిగి తన గదిలోకి పోయినాడు.

కుళ్ళాయప్ప ఆ ట్రాన్సాక్షన్ తెంపి, ఊడ్పు నడిపించినాడు. మధ్యాహ్నానికి బారు కదిలింది. తిమ్మన్న మూట భుజానికెత్తుకుని ఆటో ఎక్కినాడు.

"సార్, నాకోసం మీరు..." అని జయంతి మొదలుపెట్టింది.

"నీకోసమా? నీ గురించి నేను చెప్పిందంతా నిజమే కదా! ఊరికే తెరిచిపెట్టినవి వాటంతట అవే తెగిపోయేటట్టు ఇప్పుడు పెట్టినా. అదీ నీకోసం కాదు. నీలాంటోళ్ళు ఇంకా చేరతారు కాబట్టి."

జయంతికి నవ్వాగలేదు.

"నవ్వేదానికి మటుకు ఎవురూ నేర్పిచ్చే పనిలేదు" అంటూ కుళ్ళాయప్ప ఫ్యానుకేసి తిరిగి, దాన్ని తిట్టడం అందుకున్నాడు.