ఉప్పు డబ్బాకు ముప్పై ఆరు అక్షరాలు

సీతారాములుకు ఒకటి, రెండు, మూడు అనే వరస గిట్టదు. ఇంట్లో ప్రతి వస్తువుకూ లోకంలో ఇంకెక్కడా లేని గుర్తు ఒకటి ఉండాల్సిందే. పొద్దున ఆరింటికి యాదలక్ష్మి రెండు స్టీలు గ్లాసుల్లో చాయ్ తెస్తే, ఆయన గ్లాసు నెత్తి మీదికెత్తి, అడుగున అంటించిన చీటీ చదివి, తనదేనని తేల్చుకున్నాకే తాగేవాడు. ఎన్ని చొక్కాల మీద చాయ్ ఒలికిందో లెక్కలేదు. ఇప్పుడు ఒక్క గ్లాసే. ఎవరిదని చూసే పని లేదు. చాయ్ ఒలకదు. మరకలు ఉతికే బాధా లేదు. ఆ బాధ లేకపోవడమే యాదలక్ష్మికి బాధగా ఉంది.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో డేటాబేస్ పాఠాలు చెప్పేవాడు. కంప్యూటర్లో దాచే పట్టికలో ఒక్కో పేరుకూ ఒక గుర్తు ఇవ్వాలట. చాలామంది ఒకటి, రెండు అని ఇచ్చి ఊరుకుంటారు. ఆయన మాత్రం కంప్యూటర్ పుట్టించే, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగలిసిన ముప్పై ఆరు అక్షరాల గుర్తు ఇచ్చేవాడు. ఒకసారి పుట్టింది మళ్లీ పుట్టదట. పాఠం అక్కడే వదిలేస్తే బాగుండేది. ఆ గుర్తుల్ని చీటీల మీద అచ్చేసి, మెట్రోలో ఎల్‌బీ నగర్ దాకా మోసుకొచ్చి, మన్సూరాబాద్‌లోని ఇంట్లో వంటగది మీద పడేవాడు. బియ్యం డబ్బాకు చీటీ సరిపోయింది. పోపుల పెట్టెలో మెంతుల గిన్నెకు మాత్రం తోకలా వేలాడేది.

"కందిపప్పు అని రాస్తే సాలదా?" అనేది యాదలక్ష్మి.

"రేపు గా డబ్బల పెసరపప్పు పోస్తవ్. అప్పుడు?"

"పోనీ, ఒకటి, రెండు అని రాయి."

"పప్పులల్ల ముందేంది, ఎనకేంది? ముందు ఏదైతేంది లక్ష్మీ?"

ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. సొట్టల్ని బట్టి డబ్బా గుర్తుపట్టేది. ఆయన చీటీలు చదువుకుంటూ వెతికేవాడు. ఆయన చేతికి ఉప్పు దొరికేసరికి కూర చల్లారేది.

ఒక ఎండాకాలం తమ గల్లీకీ పక్క గల్లీకీ కలిపి ఒకటే నీళ్ల ట్యాంకర్ వచ్చింది. ఏ గల్లీకి ఆ గల్లీ టోకెన్లు రాసుకుంది. ఇంకేముంది, ఇద్దరు ఒకటో నంబరువాళ్లు పైపు పట్టుకుని గుంజులాడుకున్నారు. సీతారాములు మధ్యలోకి దూరి, మర్నాడు తానే టోకెన్లు చేసిచ్చాడు.

డ్రైవర్ భిక్షపతి ఒక టోకెన్ తీసుకుని తిరగేసి మరగేసి చూశాడు. "సార్, గివి టోకెన్లా, లారీ ఇంజిన్ నంబర్లా?"

"ఇద్దరికి ఒకటే ఒచ్చిందా?"

"రాలే. గనీ ముందెవరో ఎట్ల తెలుస్తది?"

"ముందెవరైతేంది?"

పక్కింటి కోస్తా ఆవిడ వెంకాయమ్మ బిందె దించి నెత్తి కొట్టుకుంది. "అన్నయ్యగారూ, ఇంట్లో చుక్క నీళ్లు లేవండీ. ముందెవరైతే ఏంటంటారేంటండీ!"

భిక్షపతి విసిగి పైపు కింద పడేశాడు. ఆ రోజు అందరికంటే ముందు మురికి కాలువకు నీళ్లందాయి.

యాదలక్ష్మి మనసులో మాత్రం ఒక అంకె ముల్లులా గుచ్చుకునే ఉండేది. సీతారాములు మొదటి భార్య అరుణమ్మ జ్వరమొచ్చి పోయాక ఈమెను చేసుకున్నాడు. నల్లగొండ చుట్టాలు ఎక్కడ కనబడ్డా "సీతారాములు రెండో ఆమె" అనేవారు. ఇరవై రెండేళ్ల కాపురం తర్వాత కూడా రెండో ఆమే. ఒకనాడు తెగించి అడిగింది.

"నిజం చెప్పు. నీకు నేను ఎన్నోదాన్ని?"

ఆయన కళ్లు మూసుకుని ముప్పై ఆరు అక్షరాల గుర్తు ఒకటి గడగడా అప్పజెప్పాడు.

ఆమె విసురుగా లేచి వంటగదిలోకి పోయింది. మాట దాటేశాడనుకుంది. మళ్లీ అడుగుదామంటే ఇప్పుడు మనిషే లేడు. పోయి ఐదు నెలలు.

ఇంటికి రంగులు వేయించాలని మరిది మహిపాల్ డబ్బాలన్నీ కిందికి దింపించాడు. "వదినా, గీ చీటీలు గీకేసి, ఒకటి రెండు అని రాసుకో. నీకు సులువుంటది" అని చెప్పి పెయింటర్ కోసం పోయాడు. ఆమెకూ నిజమే అనిపించింది. డబ్బాలు ఖాళీ చేసి గోరువెచ్చని నీళ్లలో నానేసింది.

చీటీల అంచులు లేస్తుండగా సంధ్యారాణి వచ్చింది. సీతారాములు దగ్గర చదువుకుని, ఇప్పుడు ఆయన పాఠమే చెబుతున్న పిల్ల. సారు నోటుపుస్తకం తిరిగిద్దామని వచ్చి, టబ్బులో డబ్బాలు చూసి నవ్వింది.

"ఇంట్ల గూడ అంటించిండా సారు! క్లాసుల మీ ఇంటి పట్టికనే గీసేటోడమ్మా."

"మా ఇంటిదా?"

"అరుణ, యాదలక్ష్మి అని రెండు పేర్లు రాసి, ఏం నంబర్లు ఇస్తరు అనేటోడు. మేం ఒకటి, రెండు అనేటోళ్లం. ఇగ సారుకు కోపమొచ్చేది. 'ఒకటి లేకుండ పోయినా రెండు రెండే ఉంటది, ఎన్నడు ఒకటి గాదు. ఎనక ఒచ్చుడు ఆమె తప్పా?' అనేటోడు."

యాదలక్ష్మి చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

"గంత పెద్ద గుర్తు జాగ తింటది, వెతుకుడు నిదానమైతది సార్ అంటే, 'మా ఇంట్ల ఉప్పు దొరకనీకె అర్ధగంట. బతుకుతలేమా?' అనేటోడు. మీ ఇద్దరి గుర్తులు పుస్తకం చూడకుండ రాసేటోడమ్మా."

తన గ్లాసు గుర్తు చీటీ చూడందే చెప్పలేని మనిషి! ఆరోజు కళ్లు మూసుకుని అప్పజెప్పింది ఆమె గుర్తునే. అదే ఆయన జవాబు.

ఆమె చెయ్యి తుడుచుకుని నోటుపుస్తకం అందుకుంది. పట్టికలో తెలుగులో రాసిన తన పేరు పక్కనున్న పొడుగాటి వరస మీద వేలు పెట్టింది.

"దీంట్ల రెండు అంకె ఏమన్న ఉన్నదా బిడ్డా?"

సంధ్యారాణి లెక్కపెట్టింది. "మూడు రెండ్లున్నయమ్మా."

"అరుణక్క దాంట్ల?"

"నాలుగు."

"అయితే అక్కకే ఎక్కువ పడ్డయ్!" అంటూ యాదలక్ష్మి నవ్వింది. ఐదు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మహిపాల్ గుమ్మంలోంచి కేకేశాడు. "చీటీలు గీకుడు అయిందా వదినా?"

"కాలే. గీకను."

డబ్బాలు ఒక్కొక్కటే నీళ్లలోంచి తీసి, లేచిన అంచుల్ని బొటనవేలితో అదిమి, సంధ్యారాణికి అందించింది. ఆ పిల్ల పైట కొంగుతో తుడుస్తూ అలమర ముందు నిలబడింది.

"ఏది ముందు పెట్టాలమ్మా?"

"ముందు ఏదైతేంది బిడ్డా?"