కూర్చోమంటే కూర్చోని ఓబుళేసు

ధర్మవరంలో ఓబుళేసు అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు. మగ్గమిచ్చి నేయించుకునే షావుకారు శ్రీరంగప్ప గడపలో అడుగు పెడితే చాలు, మగ్గం గుంతలోంచి లేచి చేతులు కట్టుకునేవాడు. పెద్దవాళ్ల ఎదుట కూర్చుని ఎరగడు. ఆ మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాడికి పెళ్లి పట్టుచీరలు నెయ్యడం తప్ప ఇంకో పని రాదు. ముప్పై దాటగానే నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. నాటుమందులన్నీ అయ్యాక భార్య తిప్పమ్మ రైలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. పెద్దపేగంతా పుండ్లు పడిందన్నారు. ప్రెడ్నిసొలోన్ అని అప్పుడే కొత్తగా వచ్చిన మాత్రలిచ్చారు. నెత్తురు ఆగింది, ఆ మాత్రలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది.

"ఏమప్పా, అత్తగారింట్లో బాగా మేసొచ్చినావే!" అని వీధి వీధంతా ఆటపట్టించింది. వాడూ నవ్వాడు.

మాత్రలు తగ్గిస్తే నెత్తురు మళ్లీ పడేది, పెంచితే ఆగేది. పంతొమ్మిది వందల అరవై రెండులో పెంచినా ఆగలేదు. జ్వరంతో, ఉబ్బిన కడుపుతో మళ్లీ అదే ఆసుపత్రిలో పడ్డాడు.

"పేగు తీసెయ్యకపోతే బతకవు. కడుపు మీద రంధ్రం పెడతాం. మలం దాంట్లోంచి రబ్బరు సంచిలో పడుతుంది" అన్నాడు పెద్ద డాక్టరు.

ఓబుళేసు ఒక్కటే అడిగాడు. "మళ్లీ మగ్గంలో కూచోవచ్చునా సార్?"

"కూర్చోవచ్చు. నేసిన చీర చుట్టుకునే కర్ర నీ కడుపుకు ఎక్కడ ఆనుతుందో ఇక్కడ కూర్చుని చూపించు. దాన్ని తప్పించి రంధ్రానికి గుర్తు పెడతాను."

"మీ ముందర నేను కూచునేదా సార్! నిలబడే చూపిస్తా."

"కూచో మామా, సారే చెప్తాండాడు కదా" అంది తిప్పమ్మ.

"నీకు మర్యాద తెలీదు, ఊరుకో" అని కసిరి, నిలబడే కడుపు మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. బయట రోగులు కాచుకుని ఉన్నారు. డాక్టరు ఆ చేతికి కింద సిరాతో గుర్తు పెట్టేశాడు.

ఆపరేషన్ అయిన వాళ్లలో పక్క మంచం మనిషి చచ్చిపోయాడు, వీడు బతికాడు. నొప్పి పోయింది, నెత్తురు పోయింది, కడుపునిండా సంగటి తిన్నాడు. మంచిరోజు చూసుకుని గుంతలోకి దిగాడు. నిలబడ్డ కడుపు వేరు, వంగి కూర్చున్న కడుపు వేరు. కర్ర సరిగ్గా రంధ్రం మీదే ఆనింది.

గుడ్డలు మడిచి అడ్డం పెట్టుకున్నాడు. వెనక్కి జరిగితే చెయ్యి అందలేదు. పళ్లు బిగబట్టి నేస్తుంటే ఒకరోజు సంచి పగిలి, మలమంతా సగం అయిన పెళ్లిచీర మీద పడింది.

శ్రీరంగప్ప పైగుడ్డతో ముక్కు మూసుకున్నాడు. "బతికినావు కదప్పా, అది చాలు. ఇంగ ఇంట్లో కూచో" అని చీరను వీధిలోనే కాల్పించి, మగ్గం విప్పించుకుపోయాడు. అప్పటినుంచి ఓబుళేసు ఆడవాళ్ల మధ్య పట్టు దారం చుడుతున్నాడు.

మరుసటేడు ఆసుపత్రికి పోతే డాక్టరు చిన్న డాక్టర్లందరినీ పిలిచి, గాయం ఎంత చక్కగా మానిందో చూపించాడు. "కూర్చో ఓబుళేసూ" అన్నాడు.

ఈసారి చెప్పగానే కూర్చున్నాడు. కడుపు మడతలో నలిగిపోయిన సంచిని చూసి డాక్టరు ముఖం మాడింది. "ఆరోజే కూర్చుని ఉంటే కాస్త పైకి పెట్టేవాణ్ణి కదయ్యా!"

"ఇప్పుడు ఎవురి ముందరైనా కూచుంటాండాను సార్" అన్నాడు ఓబుళేసు. "లేచి నిలబడేదానికి షావుకారు మా ఇంటికి రాడు."