ముఖ్య అతిథి కోసం చల్లబడ్డ షెడ్డు

ఆ రోజు మా కోళ్ల షెడ్డులో ఉన్నవాళ్లు: నేను, నా జూనియర్, మా గైడ్ సార్. ఉన్నవి: ఎడమ వైపు అరల్లో కొత్త పొడి కలిపిన దాణా తినే బ్రాయిలర్లు, కుడి వైపు ఉత్త దాణా తినేవి, నెత్తిన రేకులు, గోడకు థర్మామీటరు. వీటికి తోడు, తార్నాకలోని టెంట్ హౌస్ నుంచి పొద్దున్నే ట్రాలీ ఆటోలో దిగిన పెద్ద పెద్ద కూలర్లు.

నా పరిశోధన చెప్పడానికి తేలికే. ఎండ ముదిరితే కోడి నోరు తెరిచి రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది, పేగు లోపలి పొర దెబ్బతింటుంది. మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న పొడిని దాణాలో కలిపితే ఆ పొర నిలబడుతుందా అన్నది ప్రశ్న. అది తేలాలంటే షెడ్డు వేడిగానే ఉండాలి. అందుకే ఫ్యాన్లు కూడా పీకేశాం. మర్నాడు పేగుల నమూనాలు తీయాలి. ఈ ఎండలు తప్పిపోతే మళ్లీ వేసవి దాకా నాకు థీసిస్ లేదు.

మా క్యాంపస్‌లో ఏ పనైనా ముఖ్య అతిథి వచ్చి చూస్తేనే జరిగినట్టు. పొడి తయారుచేసే కంపెనీ మేనేజరు ఓ పెద్దాయనను వెంటబెట్టుకొస్తున్నాడు. శాలువా, బొకే, జీడిపప్పు ప్లేట్లు సిద్ధం. పెద్దాయనకు మాత్రం ఎండ పడదట. ఎండ దెబ్బ గురించి తెలుసుకోవడానికి వచ్చే మనిషికి ఎండ తగలకూడదని మా సార్ నిర్ణయించారు.

చల్లబడితే ప్రయోగం పోతుందని మెల్లగా చెప్పాను.

"ఆయన కళ్లు తిరిగి పడిపోతే మాత్రం ప్రయోగం ఉంటుందేంటయ్యా? ఒక్క పూటేగా. కోళ్లేమన్నా కంప్లయింట్ చేస్తాయా?" అంటూ సార్ నాకే బకెట్ అందించారు. కూలర్లలో నీళ్లు పోశాను.

మల్కాజ్‌గిరి నుంచి వచ్చే మా జూనియర్ పక్కనే నిలబడి గొణిగాడు. "అన్నా, గిది హీట్ స్ట్రెస్ షెడ్డా, పెండ్లి మండపమా? కోళ్లకు గూడ కుర్చీలేద్దామా?"

అతిథులు వచ్చేసరికి కోళ్లన్నీ రెక్కలు సర్దుకుని, నోళ్లు మూసుకుని మేత మీద పడ్డాయి. ఈ షెడ్డుకు వచ్చాక వాటికి దొరికిన తొలి సుఖం అది. పెద్దాయన ఎడమ వైపు అరల ముందు ఆగి, ఒక్క కోడీ రొప్పడం లేదే అని ఆశ్చర్యపోయారు. అంతా మా పొడి మహిమే అన్నాడు మేనేజరు. సార్ కాదనలేదు. ఫ్రేములో కూలర్లు పడకుండా ఫొటోలు తీశారు. కుడి వైపు చూపించబోయాను. శాలువాకు టైమైందన్నారు సార్.

నమూనాలు వచ్చే వేసవికి వాయిదా పడ్డాయి. రిపోర్టు మాత్రం ఆ సాయంత్రమే కావాలన్నారు సార్. రొప్పే కోళ్ల లెక్క కూడా అందులో వేస్తే కంపెనీవాళ్లు సంతోషిస్తారట.

"రెండు వైపులవీ వెయ్యాలా సార్?" అన్నాను.

"సైన్స్ అన్నాక రెండూ వెయ్యాలి కదయ్యా."

వెళ్లి, కూలర్లు ఇంకా తిరుగుతుండగానే లెక్కపెట్టి వేశాను. పొడి తిన్నవాటిలో రొప్పుతున్నవి సున్నా. తిననివాటిలో సున్నా.