బెల్టులో ఆరు సీసపు దిమ్మలు

1984 వేసవి. నేవీలో పదేళ్లు డైవర్‌గా చేసి వచ్చిన నన్ను, నీటిలో మునిగి కాలువ షట్టర్లు చూసే మనుషులను తయారు చేయమని నీటిపారుదల శాఖ వాళ్లు సత్తెనపల్లి వైపు పంపారు. మిరప చేల మధ్య ఒక పెద్ద దిగుడు బావిలో శిక్షణ. అడుగున మోకాలి లోతు ఒండ్రు.

స్కూబా అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటిలో ఊపిరి పీల్చుకోవడం. మనిషి పైకి తేలిపోకుండా నడుముకు వెయిట్ బెల్ట్, అంటే సీసపు దిమ్మలు గుచ్చిన పట్టీ కడతాం. బరువు ఎక్కువైతే అడుగుకు పోతాడు. కాలు ఒండ్రుకు తగిలిందంటే నీళ్లు కలకబారి షట్టర్ కాదు కదా, తన చెయ్యే తనకు కనిపించదు. అందుకే పదడుగుల లోతులో కదలకుండా నిలిచి, కళ్లనూ ముక్కునూ కప్పే మాస్క్ తీసి, మళ్లీ పెట్టుకుని, అందులోని నీళ్లు ముక్కుతో ఊది పంపాలని పరీక్ష పెట్టాను.

మొదట వచ్చిన కోటయ్య అడుగుకు జారిపోయి, బెదిరి పైకి వచ్చాడు. "నీళ్లంటే భయం, పనికిరాడు" అని రాసి పంపేశాను. నా నోరూ కలమూ రెండూ దురుసే.

పదిహేను రోజులకు దావీదు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కర్, పన్నెండేళ్లుగా దినకూలీ. ఇది నెగ్గితే ఉద్యోగం ఖాయమవుతుంది. వాళ్ల ఊళ్లో ఎవరి బావిలో బిందె పడినా తీసేది అతనే. అలాంటివాడు కూడా రెండుసార్లు ఒండ్రులోకే పోయాడు.

"ఏమయ్యా, నీకూ భయమేనా?" అన్నాను.

"భయం కాదండీ, బరువెక్కువైంది. మేం రాయి పట్టుకుని బావిలో దిగుతామండి. అడుక్కి పోగానే వదిలేస్తాం. ఈ సీసం నన్నొదలట్లేదు గదండీ!"

"పదేళ్లు సముద్రంలో దిగినవాడికి నువ్వు చెప్తావా?"

"తమరొకసారి దిగి చూడండయ్యా."

నాకు ఒళ్లు మండింది. అతని బెల్టే కట్టుకుని దిగాను. నిజానికి ఆ బావిలో నేను దిగడం అదే మొదటిసారి. అంతవరకూ మెట్టు మీద కూర్చుని, దిగినవాడి నడుముకు కట్టిన తాడు పట్టుకున్నవాణ్ణే. ఎంత ఆపుకున్నా ఆగలేదు, తిన్నగా వెళ్లి ఒండ్రులో కూరుకున్నాను. ఆ మడ్డిలో నాకు విషయం తెలిసింది. సముద్రంలో ఉప్పునీరు మనిషిని తేలుస్తుంది, ఒంటి మీది రబ్బరు సూటు ఇంకా తేలుస్తుంది. అక్కడ అలవాటైన ఆరు దిమ్మలనే, మంచినీటి బావిలో నిక్కర్లతో దిగేవాళ్లకు కట్టాను.

బెల్టు బరువు సరిపోయిందంటే, ఊపిరి నిండా పట్టి నీటిలో నిటారుగా తేలినప్పుడు నీళ్లు కళ్ల దాకానే రావాలి. దావీదును అలా నిలబెట్టి ఒక్కో దిమ్మే తీస్తూ పోతే చివరికి రెండే మిగిలాయి. ఈసారి దిగి, ఒండ్రు కదలకుండా మాస్క్ తీసి పెట్టుకుని వచ్చాడు. అతని ఉద్యోగం ఖాయమైంది.

ఆ వారమే కోటయ్యను వెతుక్కుంటూ చిలకలూరిపేట వెళ్లాను. జిన్నింగ్ మిల్లులో పత్తి బోరేలు మోస్తున్నాడు. తప్పు నాదేనని, మళ్లీ రమ్మని అడిగాను.

"వద్దులెండి సార్. నాకు నీళ్లంటే భయమని తమరు రాశారు గదా. నిన్న గాక మొన్న కాలవలో స్నానానికి దిగబోతే నిజంగానే కాళ్లు వణికినయ్యండి."

ఆ తర్వాత ఎందరికో నేర్పాను. ఎవరు తడబడినా ముందు వాళ్ల బెల్టు నేను కట్టుకుని దిగి చూసేవాణ్ణి. కోటయ్య మాత్రం మళ్లీ నీళ్లలో దిగలేదు.