కొరమేను పిల్లల మడుగు

మా బడి ఏర్పేడుకు అవతల, స్వర్ణముఖి ఒడ్డుకు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. అక్కడ నేను తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. చేపల పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద బొమ్మ గీయడం కంటే ఏటికే తీసుకుపోతే మేలనిపించి, ఒక ఏడాది క్లాసు మొత్తాన్నీ బయల్దేరదీశాను. వానలు పడి పది రోజులు కాలేదు. ఏట్లో నీళ్లు పారుతున్నాయి. ఎంత వెదికినా ఒక్క చేపపిల్ల కనిపించలేదు.

నిజం చెప్పాలంటే చేపల గురించి నాకు తెలిసిందంతా పుస్తకంలోదే. మా నాయన తిరుపతిలో గుడి ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. మా ఇంట్లో భోజనాల దగ్గర చేప అన్న మాట కూడా పలకనిచ్చేవాడు కాదు.

ఒడ్డున కూర్చున్న ఒక ముసలాయన మమ్మల్నే చూస్తూ నవ్వుకుంటున్నాడు. ఊళ్లో వలలు అల్లే సాయిబు ఆయన. అందరూ చాచా అని పిలుస్తారు.

"ఏం ఎతకతా ఉండారు మేడం?"

"చేపపిల్లలు చాచా."

"ఈడ యాడుంటాయమ్మా? దాక్కునేదానికి సోటుండాదా? సూడు, ఏరు రోడ్డు మాదిరి ఉండాది."

ఆయన చెప్పాక చూస్తే నిజంగానే అలా ఉంది. ఏళ్ల తరబడి ఇసుక తోలి ఏటి అడుగంతా చదును చేసేశారు. ఒకప్పుడు ఆ మలుపులో నిలువెత్తు మడుగు ఉండేదట. గట్టు మీది కానుగచెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి ఉండేవట. గట్లు తెగి చెట్లు పడిపోయాయి, మడుగు పోయింది. నీళ్లు వచ్చినంత వేగంగా వెళ్లిపోతుంటే గుడ్లెక్కడ పెట్టాలి, పిల్లలెక్కడ పెరగాలి?

"మళ్లీ మడుగు చెయ్యలేమా?" అన్నాను.

చాచా ఏటి మలుపు వైపు చూశాడు. "మనం సెయ్యలేం మేడం. ఏటితోనే సేయించాల. ఒక పెద్ద మాను కావాల" అన్నాడు.

పడిపోయిన కానుగమాను ఒకటి ఎగువన ఉంది. దాన్ని లాగడానికి ట్రాక్టరు కావాలి. ఊళ్లో ట్రాక్టరున్న మనిషి ఒకప్పుడు ఆ ఏట్లోనే ఇసుక తోలినవాడు. నాకు అడగబుద్ధి కాలేదు. చాచాయే అడిగాడు.

"నేను తవ్వినదాన్ని నన్నే పూడ్సమంటావా చాచా?" అన్నాడతను చిరాగ్గా.

"పూడ్సొద్దులే అబ్బా. ఒక మాను ఈడ్సుకోనిరా, సాలు."

గొణుక్కుంటూనే వచ్చాడు. మానును ఏటికి అడ్డంగా పడేసి, రాళ్లు పేర్చి, సంబరపడి ఇళ్లకు పోయాం. కార్తీకంలో వచ్చిన మొదటి వరదకే అది కొట్టుకుపోయి దిగువ వంతెన కింద ఇరుక్కుంది. ఊరంతా నవ్వింది. బడిలో తోటి టీచర్లు కూడా, "మీ మాను ఎక్కడిదాకా పోయింది?" అని అడిగేవారు. ఆ వారమంతా నేను ఏటి దారిన నడవకుండా చుట్టు తిరిగి బడికి పోయాను.

చాచా మాత్రం నీళ్లు తగ్గేదాకా రోజూ ఒడ్డు వెంట నడిచాడు. ఒకరోజు బడి దగ్గరికే వచ్చి, "తప్పు మనదే మేడం. అడ్డంగా పెట్టినాం. వేళ్లు నీళ్లకు ఎదురుగా ఉండాల, మాను సగం గట్టులోకి పాతాల" అన్నాడు. కూలిన చింతచెట్టొకటి అలా పడి ఉంటే, దాని వేళ్ల పక్కన నీళ్లు సుడి తిరిగి గుంత తవ్వడం ఆయన కళ్లారా చూశాడట.

ఎండాకాలంలో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ట్రాక్టరతన్ని బతిమాలాల్సిన పని లేకపోయింది. తన మాను కొట్టుకుపోయిందని ఊరు నవ్వడం అతనికి బాగా తగిలినట్టుంది. వంతెన కింద ఇరుక్కున్న మానునే ఈడ్చుకొచ్చి, గట్టు తవ్వి పాతిపెట్టాం. పక్కన లోతు లేని చోట జమ్ము, తుంగ దుబ్బులు తెచ్చి నాటాం. వానలొచ్చాయి. మాను కదలలేదు. నీళ్లు తగ్గాక చాచా లుంగీ పైకి కట్టి దిగాడు. నడుముదాకా మునిగాడు. అక్కణ్నుంచే నా వైపు చూసి రెండు చేతులూ పైకెత్తాడు. తర్వాతి వేసవిలో ఏరంతా ఎండినా ఆ మలుపులో నీళ్లు నిలిచాయి.

ఆ వేసవి దాటి వానలు పడ్డాక, ఒక మధ్యాహ్నం చాచా ఫోన్ చేశాడు. "మేడం, క్లాసైపోతానే రా. సూద్దువు గానీ."

జమ్ము పక్కన నీళ్ల మీద ఎర్రగా ఏదో ముద్దలా కదులుతోంది. కుంకుమ ఒలికిందేమో అనుకున్నాను. వంగి చూస్తే కొరమేను పిల్లలు! వందల కొద్దీ, ఒక్కోటి వడ్లగింజంత. అన్నీ కలిసి పైకొచ్చి గాలి పీల్చుకుని, కలిసే కిందికి దిగుతున్నాయి. వాటి అడుగున నల్లటి నీడ ఒకటి నెమ్మదిగా తిరుగుతోంది.

"పెద్ద సేప. కాపలా" అన్నాడు చాచా గుసగుసగా.

మూడో రోజు ట్రాక్టరతను బడి గేటు దగ్గర నన్ను ఆపాడు. చేతిలో పెద్ద కొరమేను వేలాడుతోంది. "మన మడుగులోదే మేడం! కప్పపిల్లను గాలానికి గుచ్చి ఏసినా. టక్కున పట్టుకునింది" అన్నాడు సంతోషంగా.

అప్పుడే వచ్చిన చాచా ఆ చేపను చూసి అరుగు మీద కూలబడ్డాడు. "దానికి పిల్లలుండాయి కదప్పా. పిల్లల దగ్గరికి ఏమొచ్చినా కరస్తాది. అందుకే దొరికింది నీకు."

అతని మొహం పాలిపోయింది. "నాకు తెలీదు చాచా. ఇసుక తోలినోణ్ని, సేపల సంగతి నాకేం తెలుసు?"

ముగ్గురం మడుగు దగ్గరికి పోయాం. పిల్లలు చెల్లాచెదురై ఉన్నాయి. అంతలో వేళ్ల కింది నుంచి ఇంకో నల్లటి నీడ బయటికొచ్చింది. దాని చుట్టూ ఒక్కొక్కటే ఎర్రటి చుక్కలు చేరసాగాయి.

"నాయన ఉండాడులేమ్మా" అన్నాడు చాచా.

నాకు కళ్లు మసకబారాయి. నేను అయిదో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. ఆఫీసుకు పోయే ముందు రోజూ నాయనే నాకు జడ వేసేవాడు. మొదట్లో పాయలు సరిగా కుదిరేవి కావు. ఎవరితోనూ అంతగా చెప్పుకోని ఆ సంగతి ఆ గట్టు మీద నిలబడి వాళ్లిద్దరికీ చెప్పాను. ట్రాక్టరతను తలొంచుకుని విన్నాడు.

మర్నాటి నుంచి అతను పొద్దునా సాయంత్రం మడుగు దగ్గరే ఉండేవాడు. గాలం పట్టుకుని ఎవరొచ్చినా, "ఈడొద్దప్పా, పిల్లలుండాయి. ఇంకో నెల ఓర్సుకోండి" అని పంపేసేవాడు. పిల్లల ఎరుపు మెల్లగా తగ్గి, వీపులు నల్లబడి, నెల తిరిగేసరికి విడివిడిగా జమ్ములోకి వెళ్లిపోయాయి. ఎన్ని బతికాయో మాకు తెలియదు. ఆ తర్వాతి వానలకు మాత్రం రెండు చోట్ల ఎర్రటి గుంపులు కనిపించాయి.

మొన్న ఎగువ ఊరివాళ్లు వచ్చి, తమ మలుపులో కూడా మాను పెట్టించమని అడిగారు. చాచా ట్రాక్టరు మీద ఎక్కి కూర్చున్నాడు. వేళ్లు ఎటు తిప్పాలో ఆయనొకటి చెబితే ట్రాక్టరతను ఇంకొకటి అంటున్నాడు. వాళ్లిద్దరి వాదన వింటూ నేను నా స్కూటీ మీద వెనకాలే పోయాను.