కుందేలు చెవిలో మచ్చ

ఉట్నూర్ నుంచి మా మేనత్త ఎప్పుడు ఫోన్ చేసినా మొదట అడిగేది ఒకటే, నేను ఇంకా కుందేళ్లకు ఫోటోలు తీస్తున్నానా అని. అవునంటే ఒక నిట్టూర్పు. అవి అలాంటి ఫోటోలు కావని ఎన్నిసార్లు చెప్పను! చర్మం మీద లేజర్ వెలుగు అలా తగిలి ఇలా ఆగిపోతే, లోపలి రక్తం ఆ వెలుగును తాగి రవ్వంత వేడెక్కి ఉబ్బుతుంది. ఆ ఉబ్బులో మన చెవికి అందని చప్పుడు పుడుతుంది. యంత్రం దాన్ని విని, ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కగట్టి రక్తనాళాల బొమ్మ గీస్తుంది. ఇదంతా ఓపిగ్గా చెబితే, "రక్తం సప్పుడు చేస్తదా? నీ తలకాయ" అని ఫోన్ పెట్టేసింది మా అత్త.

కరీంనగర్‌లో మా కాలేజీలో ఆ యంత్రానికి ఒక గది, దాని వెనకాల జంతువులకు ఒక గది. వెనక గది ఆపా రాజ్యం. ఆపా అంటే ఉర్దూలో అక్క, అందరం ఆమెను అలాగే పిలుస్తాం. మేత వేయడం, బోనులు కడగడం ఆమె పని. కాంట్రాక్టు ఉద్యోగం. నా నోటికి జడవని మనిషి ఆ కాలేజీ మొత్తంలో ఆమె ఒక్కతే. నేను కోపంగా ఉంటే "జర నీళ్లు తాగు బేటీ" అనేది. దాంతో నాకు ఇంకా మండేది.

మా కుందేళ్లలో ఒక తెల్లది ఉండేది. దాని చెవి పలచన. బొమ్మ తీస్తే నాళాలన్నీ తమలపాకు ఈనెల్లా విడివిడిగా కనిపించేవి. చెవి మీద చిన్న గాయం చేసి, అది మానేటప్పుడు కొత్త నాళాలు ఎలా పుడతాయో వారం వారం చూడటం నా పరిశోధన. ఒకరోజు మా పని చూడటానికి హైదరాబాద్ నుంచి పెద్దలు వచ్చారు. అందరూ బోను చుట్టూ మూగి, ఆహా ఏం చెవి అని ఒకటే పొగడ్తలు. ఆ చెవి నాదే అయినట్టు నేను ఉబ్బిపోయాను.

మర్నాడు కుందేలుకు మత్తిచ్చి బొమ్మ తీస్తే, గాయం పక్కన పెద్ద తెల్లమచ్చ. వెలుగును ఎక్కువ తాగినచోట చప్పుడు ఎక్కువ, బొమ్మలో తెలుపు ఎక్కువ. చెవి పైన చూస్తే ఏమీ లేదు. మళ్లీ తీసినా అదే మచ్చ. మా గైడు సారు చాలాసేపు చూసి, లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. రేపు ఇంజెక్షన్‌తో కుందేలును నిద్రలోనే పంపేసి, చెవి కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూద్దామన్నారు. ఎదురు చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. కారణం లేకుండా ఎదురు చెప్పడం నాకు అలవాటే గానీ, సారు దగ్గర అది చెల్లదు.

ఆపాకు చెప్పే పని నా నెత్తిన పడింది. విన్నాక ఆమె మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా మూత తీయలేదు. కొత్తిమీర కట్ట తెచ్చి ఒక్కో రెమ్మ కుందేలుకు తినిపిస్తూ కూర్చుంది.

పొద్దున్నే కుందేలును తేవడానికి వెళ్లాను. ఒళ్లోకి తీసుకుని ఆఖరిసారి చెవి నిమిరితే బొటనవేలికి నల్లగా అంటింది. చెవి తిప్పి చూశాను. లోపలివైపు, వెంట్రుకల మధ్య, కందిగింజంత కాటుక చుక్క. మేం చెవిని బల్ల మీద పరిచి పైనుంచే చూస్తాం కాబట్టి అది ఎవరికీ కనిపించలేదు. కాటుకంటే మసి. పలచటి చెవి దాటి వెలుగు దాన్ని చేరింది, మసి కన్నా వెలుగును తాగేదేముంది? గడ్డా లేదు, గాడిద గుడ్డూ లేదు.

"ఆపా, ఇదేంది?"

"నేనే పెట్టిన బేటీ. గంతమంది వచ్చి దాని చెవినే చూస్తుండ్రు, నజర్ తగలదా? పైన పెడితే మీ మిషన్‌కు అడ్డమైతదని లోపల పెట్టిన."

కుందేలుకు దిష్టిచుక్క! ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు అరిచాను. యంత్రానికి కనిపించిన గడ్డ ఆ చుక్కేనని అర్థమయ్యాక ఆపా సారు గది వైపు చూసింది. నోరు మూసుకుని ఉండు, ఏదో మురికి అంటిందని నేనే సర్దిచెబుతానన్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని నాకన్నా ముందే సారు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

చుక్క తుడిచి, సారు ముందే మళ్లీ బొమ్మ తీశాం. మచ్చ లేదు. గాయం అంచున కొత్త నాళాలు చక్కగా పాకుతున్నాయి. సారు ముఖం మాత్రం కందగడ్డ అయింది. ఆయనది పెద్దపల్లి వైపు. తరగతిలో పుస్తకంలా మాట్లాడే మనిషి, కోపం వస్తే ఊరి మాటలోకి దిగిపోతారు.

"ఉత్తపుణ్యానికి దాని పాణం తీస్తుంటిమి. ఇగ నువ్వు గా గదిల అడుగు పెట్టకు."

కాంట్రాక్టు ఉద్యోగం పోవడానికి ఆ ఒక్క మాట చాలు. ఆపా తల ఊపింది.

"పెట్ట సార్. మరి అది బతికినట్టేనా?"

సారు తెర వైపు తిరిగి, బతికినట్టే అన్నారు. ఆపా హమ్మయ్య అనుకుని, నడుముకున్న తాళాలు తీసి బల్ల మీద పెట్టి, నాకు అప్పగింతలు మొదలుపెట్టింది. దానికి క్యాబేజీ పడదట, కడుపు ఉబ్బుతుందట. నీళ్ల సీసా కారుతుంది, రోజూ చూడాలట. ఉరుములొస్తే బోను మీద గోనె కప్పాలట.

"గివన్నీ గా పిల్లకు యాదుండయి," అన్నారు సారు మా వైపు తిరగకుండానే. "తాళాలు తీస్కపో. మేత యాళ్లయింది."

నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. ఆపా అప్పటికే తాళాలు తీసుకుని వెనక గదికి నడిచింది.