తలుపు పక్కన నిలబెట్టింది నేనే

ఇన్నేళ్ళుగా ఈ మాటను గుండె మీద బండలా మోశాను. నా పేరు అడక్కండి. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను వడ్రంగిని, జగిత్యాల వైపు వాణ్ణి. ఇప్పుడు అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో తలుపులూ కిటికీలూ బాగుచేస్తుంటాను. అంతకుముందు రియాద్ దగ్గర సినిమా సెట్లు కట్టాను. సౌదీలో సినిమాలు తీయడం అప్పుడప్పుడే మొదలైంది. అది విని సూడాన్ నుంచి బషీర్ వచ్చాడు. వాళ్ళ దేశంలో నాటకాల్లో పెద్ద వేషాలు వేసినవాడు. ఇక్కడేమో, నల్లగా ఉన్నాడని, కాపలావాడి వేషమో బానిస వేషమో తప్ప ఇవ్వలేదు. మా ఇద్దరిదీ ఒకే గది. ఉల్లిగడ్డలు కోస్తూ, ఒక నాటకంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి మాటలు చెప్పేవాడు. నాకొచ్చిన అరబ్బీ ఎంతని? అయినా ఏడుపొచ్చేది. మాటలున్న వేషం ఒక్కటి దొరికితే చాలు సదీక్, అనేవాడు. సదీక్ అంటే దోస్తు.

ఒక మధ్యాహ్నం బషీర్ నమాజుకు వెళ్ళాడు. నటుల్ని కుదిర్చే హైదరాబాద్ పిల్లాడు నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఖాజీ వేషానికి నల్లటాయన కావాలె. నీ రూమ్మేట్‌కు డైలాగ్ చెప్పొస్తదా?"

"ఏడొస్తది తమ్మీ! నిలవడుమంటే నిలవడ్తడు, గంతే."

నవ్వాను కూడా. ఛీ!

ఎందుకన్నాను? చిన్నప్పుడు మా ఊరి నాటకంలో రాముడి వేషం అడిగాను. పద్యాలన్నీ నాకు నోటికొచ్చు. రాముడు నల్లనివాడే కదా? అయినా ఎర్రగా బుర్రగా ఉన్నవాడికి నీలం రంగు పూసి రాముణ్ణి చేశారు, నల్లగా ఉన్న నన్ను రాక్షస భటుణ్ణి చేశారు. నాకు దక్కనిది నాలాంటివాడికే దక్కబోతుంటే ఓర్వలేకపోయాను. ఎర్రటివాడికి దక్కితే ఇంత మండేది కాదేమో. తలచుకుంటే ఇందుకే ఎక్కువ సిగ్గేస్తుంది.

షూటింగ్ రోజు ఒక ఎర్రటి మనిషిని తెచ్చి, మొహానికి నల్లరంగు పూసి ఖాజీ కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ నేను చేసిందే. తలుపూ నేను చేసిందే. ఆ తలుపు పక్కన ఈటె పట్టుకుని బషీర్ నిలబడ్డాడు. గదికొచ్చాక, రంగు పూశారు గానీ నన్ను అడగనైనా లేదు చూశావా, అన్నాడు. నేను చూశానన్నట్టు తలూపాను.

ఆ తర్వాత వేషాలు వెతుక్కుంటూ ఈజిప్టు వెళ్ళిపోయాడు. దొరికాయో లేదో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇవాళ శుక్రవారం, సెలవు. పొద్దున్నే ఫోన్ తీసి, నా వంకర అరబ్బీలో జరిగిందంతా రికార్డు చేసి బషీర్‌కు పంపాను. విన్నాడని ఫోన్ చూపిస్తోంది. తిడితే పడతాను. క్షమించమని అడగలేదు, అడిగే హక్కు నాకెక్కడిది? కానీ హమ్మయ్య, చెప్పేశాను. ఇన్నేళ్ళూ అతనికి తెలియనిది ఇవాళ తెలిసింది.

వాళ్ళు అడిగారు బషీర్. నిన్నే అడిగారు.